పచ్చి పొణికి చెక్క

నా చిన్నప్పుడు మా తాతయ్య చేతిలో పడ్డ చెక్కల్లా బొమ్మ అయ్యేదని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు. ఆయన చేసిన సీతారాముల బొమ్మలు భద్రాచలంలో గుడి ముందు దుకాణాల్లో నిలవకుండా అమ్ముడుపోయేవి. దేవుడిలాంటి మనిషని ఎవరైనా అంటే మాత్రం నేను మాట మార్చేస్తాను. ఇన్నేళ్లయినా ఆ ముసలాయన మీద నా కోపం చల్లారలేదు.

అప్పుడు నాకు పదేళ్లు. మాది దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మేము నలుగురం ఆడపిల్లలం, ఆఖరుదానికి ఐదేళ్లు. రైలు ఆగే బోనకల్లులో ఉండే మా పెద్దమ్మకు పిల్లల్లేరు. ఆఖరుదాన్ని ఆమెకు పెంపకానికి ఇచ్చేద్దామని పెద్దవాళ్లు తీర్మానించుకున్నారు. దానికి మాత్రం రైలు చూపించడానికి తీసుకుపోతారని, నాలుగు రోజుల్లో తెచ్చి దింపుతారని చెప్పారు. అది రైలు రైలు అంటూ ఇల్లంతా గంతులేసేది. అసలు సంగతి నేను తలుపు చాటు నుంచి విన్నాను. చెబితే అది ఏడుస్తుందని, అమ్మ నా వీపు చీరేస్తుందని నోరు మెదపలేదు. పైగా నాలుగు రోజులే గదనే అంటూ నేనూ వంత పాడాను.

వెళ్లేటప్పుడు దాని చేతిలో ఒక బొమ్మ పెట్టాలనుకున్నాను. నేనే చెక్కాలి, తాతయ్య చేసిపెడితే కాదు. చెల్లెలి కోసమని చెప్పి అడిగితే ఆయన సరేనన్నాడు. పనిముట్ల పెట్టె నా ముందుకు జరిపాడు. నేను తళతళలాడే వెడల్పాటి ఉలి తీశాను. వెంటనే దాన్ని లాక్కొని, "గిది నీ చేతికి పెద్దది బిడ్డా, వేలు తెగుతది" అంటూ అరిగి పొట్టిదైపోయిన సన్న ఉలి ఇచ్చాడు. చెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు.

బొమ్మలు చెక్కే పొణికి చెక్కలు మా ఇంట్లో రెండు చోట్ల ఉండేవి. వంటింటి అటక మీద ఉన్నవి ఏడాదిగా పొయ్యి పొగలో ఆరి, మసి పట్టి, చూడబుద్ధి కాకుండా ఉండేవి. పెరట్లో గోడకు ఆనించినవి ఆ వారమే అడవి నుంచి వచ్చినవి. తెల్లగా, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా ఉన్నాయి. నేను తెల్లదే తీసుకున్నాను. ఏ పిల్లయినా అదే తీసుకుంటుంది. తాతయ్య దాన్ని అరచేతిలో తూచి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నచ్చిందా అని అడిగాడు. నచ్చిందన్నాను. మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశాడు.

పది రోజులు బడి నుంచి రాగానే దానితోనే కూర్చున్నాను. ఉలి ఎటు తిప్పితే అటు దిగేది. ముక్కు కుదరక రెండుసార్లు ఏడ్చాను. ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, చిన్నది అడిగిందని బొమ్మ చీరకు పసుపు రంగు వేశాను. అది గంటకోసారి వచ్చి అయిందా అక్కా అని అడిగేది. ప్రయాణం ముందు రోజు రంగు ఆరాలని బొమ్మను ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికల్లా నుదుటి నుంచి నడుము దాకా నిలువునా పగిలింది.

తాతయ్య వచ్చి చూశాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యమే లేదు. "పచ్చి చెక్క గట్లనే పలుగుతది. ఇగ జిందగీల మర్చిపోవు" అన్నాడు, నాకేదో మేలు చేసినవాడిలా.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వచ్చింది. చిన్నది కొత్త గౌను వేసుకుని, ఖమ్మం బస్సు ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. పగిలిన బొమ్మ ఇవ్వలేక, నువ్వు వచ్చేసరికి ఇంకోటి చేసి ఉంచుతాననేశాను. అది నమ్మింది. కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపుకుంటూ వెళ్లింది.

ఇంటికి రాగానే తాతయ్య మీద పడ్డాను. పలుగుతదని నీకు ముందే తెల్సు గదా, ఎందుకు చెప్పలేదని గొంతు చించుకున్నాను. ఆయన చేతిలో పని ఆపి నా వైపు చూశాడు.

"అది మల్ల రాదని నీకూ తెల్సు గద బిడ్డా. నువ్వు జెప్పినవా?"

పదేళ్ల పిల్లతో అనదగ్గ మాటా అది? ఆ రోజు అన్నం తినలేదు. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను భయపడి చెప్పలేదు, ఆయన నేర్పాలని చెప్పలేదు. బస్సులో నవ్వుకుంటూ పోయిన పిల్లకు ఈ రెంటికీ తేడా ఏముంది?

ఏడాది తర్వాత అది చుట్టంలా వచ్చింది. అమ్మను చిన్నమ్మా అని పిలిచింది. బొమ్మ సంగతి ఎత్తలేదు. నేను అటక మీది చెక్కతో చేసి దాచిన బొమ్మ ఇస్తే మర్యాదగా తీసుకుని, పోయేటప్పుడు మంచం మీదే మరిచిపోయింది.

ఈ వయసులో నా పక్కన ఎవరు ఏ పని మొదలుపెట్టినా, అందులో చెడేది ఏదో అడగకముందే చెప్పేస్తాను. నస అని మనవలు విసుక్కుంటారు, విసుక్కోనీ. చెల్లెలు మాత్రం ఇప్పటికీ వచ్చి, రెండు రోజులుండి, అక్కా వెళ్లొస్తానంటుంది. ఆ రోజు నాకు ముందే తెలుసమ్మా అని చెప్పడానికి ప్రతిసారీ బస్సు దాకా వెళ్తాను. చెప్పకుండానే తిరిగొస్తాను.