బుద్రమ్మ చేనులో కనిపించిన గోడలు

1998 మే నెలలో అనంతగిరి మండలంలోని ఒక కొండవాలు చేనులో మాగ్నెటిక్ సర్వే బాధ్యతను మా పురావస్తు శాఖ నాకు అప్పగించింది. అంతకుముందు వాగు కోసిన గట్టులో పాత ఇటుకలు కొన్ని బయటపడ్డాయి. కాల్చిన ఇటుకల గోడ మట్టిలో ఉంటే, దానిపైన భూమి అయస్కాంత క్షేత్రం స్వల్పంగా మారుతుంది. ఆ మార్పును కొలిచే పరికరం మాగ్నెటోమీటర్. వెదురుకర్రకు సెన్సర్ కట్టి, తాళ్లు పరచిన వరుసల్లో పైకీ కిందికీ నడుస్తూ మీటరుకొక రీడింగు తీసుకోవాలి.

మోసేవారి ఒంటిపై ఇనుము ఉండరాదన్నది మొదటి నియమం. దానిని నేను అతి నిష్ఠగా పాటించాను. బెల్టు, వాచీ, తాళంచెవులు జీపులో పెట్టాను. చేను యజమానురాలు బుద్రమ్మ కడియాలు వెండివి గనుక వదిలేశాను గానీ, గొడ్డలితో పాటు ఆమె తలపిన్నులను కూడా దూరంగా పెట్టించాను.

"పిన్ను సూత్తే నీ మిసను జడుసుకుంటాదేటి బాబూ?" అంటూ ఆమె జుట్టు ముడివేసుకుంది.

రెండు రోజుల్లో గ్రాఫు కాగితం నిండింది. వరుస విడిచి వరుసగా, చేను ఈ కొస నుంచి ఆ కొస వరకు సమాంతర రేఖలు! వాటిని రంగు పెన్సిళ్లతో దిద్ది, బౌద్ధ విహారపు గదుల గోడలని నిర్ధారించాను. మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి. నివేదికకు శీర్షిక కూడా రాసిపెట్టుకున్నాను. చేనుకు వచ్చిన మా అధికారి అది చూసి సంతోషించి, తవ్వకం ముగిసేవరకు రాగులు విత్తవద్దని బుద్రమ్మకు చెప్పారు.

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఇత్తకపోతే ఏడాదంతా ఏటి తింతాం? సోళ్లు ఈ సేన్లోనే పండాల. మా నాగలికి ఏనాడూ ఇటిక తగల్లేదు, గోడలెక్కడివి?"

"లోతులో ఉన్నాయమ్మా," అన్నాను ఓపికగా.

"అయితే నా పెరట్లో నడు. సూద్దాం."

నడిచాను. అక్కడా అవే గోడలు. "విహారం పెరటిదాకా వ్యాపించింది సార్!" అన్నాను ఆనందంగా.

"రేపు నా వంటింట్లో నడిసినా దొరుకుతాది," అంది బుద్రమ్మ మా అధికారితో. "ఆ కర్ర నాకియ్యండి. బాబుని జీపు కాడికి పంపండి."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. తాడుపై ముడి వచ్చినచోటల్లా ఆగి బొత్తాం నొక్కమని చూపించారు. కావడి మోసిన భుజం అది. కర్ర ఎక్కడా ఊగలేదు. చేనులో ఆమె ఐదు వరుసలు నడిచింది. ఒక్క గోడా రాలేదు.

"సూసినారా? గోడలు నా సేన్లో లేవు. బాబు కాడే ఉన్నాయి."

అధికారి నన్ను ఎగాదిగా చూశారు. "ఒంటి మీద ఇంకేమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్," అంటూనే నా చెయ్యి నడుము దగ్గర ఆగిపోయింది. కొండల్లో ఉద్యోగమని భయపడి, మా అమ్మ గుర్రపునాడా ముక్కను గుడ్డలో చుట్టి నా మొలతాడుకు కట్టింది. మొలతాడును నేనెన్నడూ ఒక వస్తువుగా లెక్కించలేదు. అది ఒంటిలో భాగమే. పైకి నడిచేటప్పుడు ఆ ఇనుము సెన్సర్‌కు ఒక పక్కన, కిందికి నడిచేటప్పుడు మరో పక్కన ఉండటంతో, వరుస వరుసకూ రీడింగు మారింది. రెండు రోజులు నేను నా నడుమునే సర్వే చేశాను.

"అమ్మ కట్టింది పారీకు బాబూ," అంది బుద్రమ్మ మెత్తబడి. "పనయ్యాక కట్టుకో."

ముక్కను జీపులో పెట్టి చేనంతా తిరిగి నడిచాను. గోడలు లేవు. మేము తాళ్లు కట్టిన చెక్కమేకులు పీకుతుండగానే ఆమె నాగలి కట్టించింది. రెండో నివేదికలో, తొలి సర్వే లోపానికి కారణం అన్నచోట "సర్వేయరు" అని రాసి సంతకం చేశాను.

అప్పటినుంచి ప్రతి సర్వేకు ముందు ఒకే వరుసను ఇరుదిక్కులా నడుస్తాను. ఆ తరువాత మరొకరిచేత మోయించి పోల్చి చూస్తాను. మనం కాగితంపై గీసే ఒక్క గీత, ఒక ఇంటి ఏడాది తిండిని ఆపగలదు.