కడక్ బాయి తాగిన చల్లటి చాయ్

గా దినాలల్ల నా నడుము గట్టిగుండె, నోరు దానికంటె గట్టిగుండె బిడ్డా. రాస్తున్నవా? ఫోన్‌ల రాస్తె రాయి గని, నడుమ నడుమ ఆటలు ఆడకు. గిప్పుడంటె మేము బతకనొచ్చిన గీ కామత్‌ఘర్‌ల బిల్డింగులు లేశినయ్. గప్పుడు మా గల్లి ఎంత సందుండెనంటె, ఎదురుంగ ఎవలన్న వస్తె ఒకలు గోడకు అతుక్కోవాలె. రెండు దిక్కుల బట్ట నేశే సాంచెలు, రాత్రనక పగలనక ఖట్ ఖట్ అని ఒకటే చప్పుడు. టెంపో లోపలికి రాకపోయేది. గందుకే నేశిన బట్ట చుట్టలు, తాకాలంటం మేము, బయటికి పోవాలంటె మొగోళ్లు గల్లి పొడుగూత వరుసగ నిలవడి, ఒకల చేతులకెల్లి ఒకల చేతులకు అందించుకుంట టెంపోల ఏశేటోళ్లు. గీ వరుస ముచ్చట ఎందుకు చెప్తున్ననో జెరసేపట్ల తెలుస్తది, ఆగు.

మా మరిది బిడ్డ, మీ పిట్టత్త, దానికి పుట్టుకల్నే కాళ్లు బిర్రుగ ఉండె. తెలివి మస్తు, మాటలు నాకంటె ఎక్కువ (నమ్మవా? ఆమెనే అడుగు), కాళ్లే దాని మాట ఇనకపోయేటియి. గల్లంత దాన్ని ఎత్తుకునేది. డ్యూటీ దిగిన మొగోళ్లు సంకన ఏసుకొని చాయ్ హోటల్‌కు తీస్కపోవుడు, ఆడోళ్లు నూలు కండెలు చుట్టుకుంట ఒళ్లె పండవెట్టుకునుడు. పిట్ట కాలు నేలకు తగిలితె మేమేదో తప్పు చేసినట్టు ఉరికొస్తుంటిమి. బడికి పోయే ఈడొచ్చినా గదే కథ. నేనైతె బువ్వ కలిపి నోట్ల పెట్టి, నమిలే పని ఒక్కటే దానికి ఇడిశిపెట్టిన.

గప్పుడే కార్పొరేషనోళ్లు గిసువంటి పిల్లల కోసం ఒక బాయిని పంపిరి. బాయంటె మరాఠీల పంతులమ్మ. ఇండ్లకు తిరిగి పిల్లల్ని చూసుడు, కాళ్లకు చేతులకు కసరత్ నేర్పుడు, బడిల ఏపిచ్చుడు ఆమె పని. మనిషి సన్నగ, పుల్ల లెక్క ఉండె. గొంతు మాత్రం సాంచెల చప్పుడును దాటి ఇనవడేది. మొదటిసారి వచ్చిన్నాడు గల్లి మూలకు కిరాణ దుకాణం కాడ నిలవడి "పాపను ఈడికి తీస్కరాండ్రి, చూస్త" అని కబురంపింది. పెద్ద ఆఫీసరమ్మ వచ్చింది, మర్యాద చెయ్యాలె కద? మొగోళ్లందరు వరుసగ నిలవడ్డరు. పిట్ట నా చేతులకెల్లి మా మరిది చేతులకు, ఆడికెల్లి ఇంకొకల చేతులకు, నవ్వుకుంట, చప్పట్లు కొట్టుకుంట, గాలిల తేలుకుంట పోయి సీద బాయి ఒళ్లె పడ్డది. ఇగ ఆమె శాబాష్ అంటదని చూస్తున్నం మేము.

బాయి మొఖం ఎర్రగయ్యింది. "యే లడ్కీ హై! తాకా నహీ!"

గంతే. పిల్ల గిది, బట్ట తాకా కాదని అందరి మీద లేశింది. గానాడే గా కరుకు మనిషికి కడక్ బాయి అని పేరు పెట్టినం.

కూసోపెట్టి అడిగింది, "వచ్చే జూన్‌ల దీన్ని బడిల ఏస్త. కార్పొరేషన్ రిక్షా గీ మూల దాక వస్తది, లోపలికి రాదు. ఇంటికాడికెల్లి గీడికి ఎవలు తెస్తరు?"

"గల్లంత ఉన్నది బాయీ, మేమే తెస్తం," అన్న నేను, రొమ్ము ఇరుసుకొని.

"కార్ఖానలు బందైతె మీరంత ఊర్లకు పోతరు. గప్పుడు?"

"నేనుంట."

"నీకు జరమొస్తె?"

"నాకు జరం రాదు బాయీ!" (గా మాటన్న కొన్నొద్దులకే మలేరియ వచ్చి మంచం పట్టిన. గది రాయకు. సరే, రాయి.)

పిట్ట నా దిక్కు చూడనే లేదు. బాయి కొంగు పట్టుకొని "నేను రోజు పోత బాయీ. పెద్దమ్మకు జరమొచ్చిన్నాడు సుత పోత" అన్నది. బాయి దాని చెయ్యి పట్టుకొని మాకు చెప్పింది, "మీరు ఎత్తుకొస్తె, మీకు తీరినప్పుడే బడికొస్తది. దానంతల అది వస్తె, రోజు వస్తది."

కార్పొరేషన్‌కెల్లి చేతులతోటి పట్టుకొని నడిశే ఇనుప వాకర్ తెప్పిచ్చింది. కసరత్ నేర్పింది. ఇగ కానూన్ పెట్టింది: ఎవలు ఎత్తుకోవద్దు. "నేనొచ్చినప్పుడల్ల గీ దుకాణం గద్దె మీదనే కూసుంట. మీ ఇంటి చాయ్ పిట్ట తెస్తెనే తాగుత" అన్నది. నాకు నవ్వొచ్చింది. చాయ్ కోసం ఎవలన్న గంతసేపు కూసుంటరా? కోరా బట్టతోటి సంచి కుట్టి వాకర్‌కు కట్టిన, మూత గిలాసల చాయ్ పోసి గా సంచిల పెట్టిన. పిట్ట బయలెల్లింది. రెండడుగులు, నిలవడుడు. మల్ల రెండడుగులు, పడుడు. మొగోళ్లు ఉరకబోయి, బాయి చూపు చూసి చేతులు సంకలల్ల పెట్టుకునుడు. నేను దర్వాజ పట్టుకొని, కొంగు నోట్ల కుక్కుకొని నిలవడ్డ. మా అత్తయితె "గీ బాయికి గుండె లేదా?" అని లోపలికెల్లి ఒకటే తిట్టుడు. పిట్ట మూలకు చేరేసరికి సగం చాయ్ సంచి తాగింది, మిగిలిన సగం మీద మీగడ కట్టింది. బాయి గా చల్లటి చాయ్‌ని వేడి వేడిది తాగినట్టు ఊదుకుంట తాగి "మస్తుంది" అన్నది.

ఇగ ఎప్పుడొచ్చినా గంతే. వానలకు గల్లిల మోకాళ్ల దాక నీళ్లొస్తె, చెప్పులు చేతుల పట్టుకొని వచ్చేది. గద్దె మీద కూసునేది. చల్లటి చాయ్ తాగేది. మస్తుంది అనేది. మా ఇంట్ల చాయ్ చల్లారితె మా మామ గిలాస ఇసిరికొట్టేటోడు బిడ్డా! ఈమెనేమో మొఖం జెర సుత మారనియ్యకపోయేది. నాకు పానం ఆగలే. పాపం, మా ఇంటికొచ్చి ఒక్కనాడన్న వేడి చాయ్ తాగకపాయె అని, చాయ్ హోటలాయనతోటి మాట్లాడిపెట్టుకున్న. పిట్ట నడుమల అలిశి నిలవడ్డప్పుడు ఆయన గోడకు అతుక్కుంట వచ్చి, చల్లారిన గిలాస తీసి పొగలెల్లే గిలాస పెట్టాలె. పెట్టిండు. బాయి ఒక్క గుక్క తాగింది. ఆగింది. నన్ను పిలిశింది.

"మీ ఇంట్ల చాయ్‌ల అల్లం ఎప్పటి సంది ఏస్తున్నరు?"

 పిట్ట కిసకిస నవ్వింది.

"రేపు రిక్షా కాడికి అల్లం నడిపిచ్చుకొని వస్తదా దీన్ని?" అన్నది బాయి. ఎనుకకు తిరిగి చూస్తె హోటలాయన పత్తా లేడు.

గా తర్వాత నేను చేతులు ఎనుకకు కట్టుకునుడు నేర్చుకున్న. పిట్ట కసరత్ చేసింది, ఏడ్చింది, నన్ను తిట్టింది, బాయిని తిట్టింది, మల్ల చేసింది. ఎండకాలం వచ్చింది. ఒకనాడు బాయి గద్దె మీద కూసుండి దుకాణపామెతోటి ముచ్చట పెట్టుకుంట, పిట్ట ఇచ్చిన గిలాస తీస్కొని, అలవాటు పకారం పెద్ద గుక్క తాగింది. "అయ్యయ్యో!" అని ఎగిరి లేశింది. చాయ్ చీర మీద పడ్డది. మూతి తుడుసుకొని ముందుగాల నా దిక్కే చూసింది. గిలాస ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసింది. అల్లం లేదు. చాయ్ మా ఇంటిదే. పొయ్యి మీదికెల్లి దించిన వేడి ఇంక పోనే లేదు. (ఎండకాలం గందుకే చల్లారలేదని మా అత్త అన్నది. ఆమె నోరు నేనే మూయిచ్చిన.)

బాయి కొంగుతోటి కండ్లు ఒత్తుకున్నది. "నాలుక కాలింది" అన్నది.

"నాలుక కాలితె కండ్లకు నీళ్లెందుకొస్తయ్ బాయీ?" అని పిట్ట అడిగింది. బాయి మిగిలిన చాయ్, గీసారి నిజంగనే వేడిది, ఊదుకుంట తాగింది.

జూన్‌ల రిక్షా వచ్చింది. పిట్ట సంచిల చాయ్‌కి బదులు బువ్వ డబ్బా పెట్టుకొని, వాకర్ టకటకమనిపిచ్చుకుంట పోయింది. మొగోళ్లందరు వరుసగ నిలవడ్డరు, చేతులు సంకలల్ల పెట్టుకొని. నా ఉత్త చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక కొంగు పిండుకుంట నిలవడ్డ నేను. గా బాయికి తర్వాత వేరే దిక్కు బదిలీ అయ్యింది. ఏ గల్లి మూలకు కూసుండి ఎవలి చల్లటి చాయ్ తాగిందో.

మీ పిట్టత్త ఇప్పుడు గోదాంల కంప్యూటర్ ముంగట కూసుంటది, నీకెర్కనే. ఐతారం ఐతారం వస్తది కద? నా మోకాళ్లు పట్టేసినయని చూసి, గీ నడుమ ఏం చేస్తున్నదో తెలుసా? చేతికట్టె పక్కకు పెట్టి దర్వాజ కాడ కుర్సీల కూసుంటది. "చాయ్ నువ్వు తెస్తెనే తాగుత పెద్దమ్మా" అంటది. నేను గోడ పట్టుకొని, నడుమ నడుమ కూలవడి లేసుకుంట, దాన్ని తిట్టుకుంట, తెచ్చేసరికి మీగడ కడ్తది. పొల్ల ఊదుకుంట తాగుతది. మస్తుంది అంటది. గా మొఖం నేను ముందుగాల ఎక్కడ చూసిన్నో నాకెర్క లేదా?

చాలు, ఇగ ఆపు. మీ పిట్టత్త వచ్చే యాళ్లయ్యింది, చాయ్ పెట్టాలె. ఊకో, చెయ్యియ్యకు, నేనే లేస్త. నడుమల ఉరికొచ్చి గిలాస అందుకుందువు, జాగ్రత్త. ఆమె పట్టేస్తది.