రూపవతి ఎంచిన చిన్న పొయ్యి

ఏ వస్తువైనా దాని కడుపులో చెయ్యి పెట్టి చూడందే రూపవతి కొననివ్వదు. భర్త సంతోషంగారిది ఏటా నవంబరులో జింకల వేట. చలికి ఆయన మోకాళ్ల నొప్పులు ముదిరాక, ఈసారి గుడారం వెచ్చగా లేకపోతే ఇదే ఆఖరి వేటని ఇంట్లో తీర్మానమైంది. అందుకే కట్టెల పొయ్యి కొనడానికి కెనడాలో వాళ్లుండే ఎడ్మంటన్ బజారుకు ఆయన్ని వెంటబెట్టుకుని ఆవిడే బయల్దేరింది. ఆయన పెద్దదాని దగ్గర ఆగితే, ఆవిడ చిన్నదాని తలుపు తీసి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చింది.

"మన టెంటుకి అంత పెద్ద స్టవ్వైతే వేడెక్కువై మంట అణిచిపెట్టాలి. అణిస్తే పొగే కదండీ!"

అడవిలో ఆ చిన్న పొయ్యిని చూసి, వేటకు తోడొచ్చిన షాలేమ్ రాజు నవ్వాడు. "బొమ్మరింటికి తెచ్చావా అక్కా?"

ఆవిడ రేకు గొట్టం బిగించి, గాలి ఆడేందుకు గుడారం తలుపు బెత్తెడు వదిలి, ఎండు కట్టెలు సన్నగా చీల్చి రెండేసి పొయ్యికందించింది. కాసేపటికి సంతోషంగారు కోటు విప్పారు, తర్వాత మేజోళ్లు. ఇంతలో తన గుడారంలో పెద్ద పొయ్యి పెట్టుకున్న షాలేమ్ రాజు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"పొగా తమ్ముడూ?"

"ఛ, టీ ఉందేమోనని."

అతనికి చోటివ్వడానికి సంతోషంగారు చటుక్కున బాసింపట్టు వేసుకున్నారు. ఆయన అలా కాళ్లు మడిచి కూర్చుని మూడేళ్లయింది. ఆ మాట పైకంటే నొప్పి గుర్తొస్తుందని రూపవతి టీ గ్లాసు ఆయన చేతికిచ్చి ఊరుకుంది.