ప్రెస్ కింద పడుకునే కుక్క

ఫరీదాబాద్‌కి ఇంకా మెట్రో రాని రోజుల్లో నేనొక రేకుల వర్క్‌షాపు ఆఫీసులో పనిచేసేదాన్ని. అక్కడి ఫోర్‌మన్ గారిది శ్రీకాకుళం. చలికాలం భోజనాలయ్యాక రేకుల్ని నొక్కే ప్రెస్ మిషన్ మళ్లీ ఆన్ చేసే ముందు, ఆయన స్పానరుతో దాని కాలి మీద టంగుమని కొట్టేవారు. మోటారు వెచ్చదనానికి కింద పడుకున్న కుక్క ఒళ్లు విరుచుకుంటూ బయటికి వచ్చేది.

"లే నాయనా, నీకూ డ్యూటీ టైమయింది," అనేవారు.

కుక్కను తరిమేయమని యజమాని ఎన్నిసార్లు చెప్పినా, ఆయనే అడ్డుపడేవారు.

ఒకరోజు ప్రెస్ నడుస్తుండగా అది ఆపరేటర్ కాళ్ల మధ్య దూరింది. అతను తూలి, ఆసరాకి ప్రెస్ మీదికి చెయ్యి చాపాడు. అంతలోనే పైనుంచి రేకును నొక్కే ఇనుప అచ్చు, డై, దిగింది. చొక్కా చేతి అంచు నలిగిపోయింది, వేళ్లు దక్కాయి.

సాయంత్రం ఫోర్‌మన్ గారే కుక్క మెడకు తాడు కట్టి, పొలాల వైపు వెళ్లే టెంపో ఎక్కించారు. ఎప్పుడూ నోరు విప్పని నేను అడిగేశాను.

"దీన్ని పంపించేస్తున్నది మీరేనా అంకుల్?"

"దానికేటి తెలుస్తాదమ్మా. తెలిసినోణ్ని నేను."

మర్నాడు భోజనాలయ్యాక ఆయన మళ్లీ స్పానరుతో కొట్టారు. కింద నుంచి ఏదీ రాలేదు. ఆపరేటర్ మాత్రం రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు ఆయన స్విచ్ వేశారు.