మరొకరికి గాయాలు

హైదరాబాదులో ఒక హీరో తాగి కారు నడిపి డివైడర్‌ను, దాని పక్కనున్న మనిషిని గుద్దాడు. ఆ వారమంతా ఎల్లారెడ్డిలో మా ఇంటి టీవీలో ఆ కారు గుద్దుతూనే ఉంది. అసలు వీడియో దొరకక గ్రాఫిక్స్‌లో బొమ్మ కారు చేసి గుద్దించారు. యాంకర్ ఆ బొమ్మ కారు ముందే నిలబడి మాట్లాడేవాడు. ఒక్కసారీ తగల్లేదు, అదృష్టవంతుడు. హీరో ఏ మందు తాగాడు, ఎవరి పార్టీ, కారు ఏ రంగు, అన్నీ చెప్పారు. దెబ్బ తిన్నవాడి గురించి మాత్రం కింద పరుగెత్తే అక్షరాల్లో రెండే మాటలు: మరొకరికి గాయాలు.

మా వైపు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ చూసేది. కళ్లు టీవీ మీద, వేళ్లు ఆకు మీద. ఆ వేళ్లకు కళ్లతో పని తీరిపోయి చాలా ఏళ్లయింది. హీరో ముఖానికి కండువా కప్పుకుని స్టేషన్ మెట్లు దిగుతుంటే వెనక ఏడుపు సంగీతం వేశారు.

"పాపం, పిలగాడు ఎట్ల సిక్కిపోయిండో సూడు."

"దెబ్బ తాకినోడు గూడ సిక్కిపోయే ఉంటడవ్వా."

"వాన్ని సూపెడితే గద నాకు తెల్సేది."



మేనమామ కొడుకు, నాకు బావ, కామారెడ్డికి ఆటో నడుపుతాడు. గడపలో కూర్చుని తీర్పులు చెప్పేవాడు. "మందు తాగి బండి తోలద్దు బామ్మర్ది. గంత పెద్దోడైతే ఏం ఫాయిద?" అనేవాడు. అంటున్నప్పుడు కల్లు వాసన వచ్చేది. మా వైపు కల్లు మందు కాదు. పోచమ్మ ముందు నేల మీద సాక పోసేది అదే, చుట్టాలకు మర్యాద చేసేది అదే. మందంటే రంగుండాలి, సీసా మీద ఇంగ్లీషుండాలి. టీవీ కూడా అవే చూపించడంతో బావకు తన మీద నమ్మకం పెరిగింది.

ఆ వారంలోనే ఒకరోజు అవ్వను కామారెడ్డిలో కంటి డాక్టరుకు చూపించాల్సి వచ్చింది. బావ ఆటో తెచ్చాడు.

"తాగినవా బావా?"

"అరె, మందు ముట్టక ఎన్ని దినాలాయె! పొద్దుగాల జెర కల్లు, గంతే."

"బస్సుకు పోదామవ్వా."

"మ్యానల్లుని ఆటో ఉండంగ బస్సేందిరా? ఏమనుకుంటడు!" అని అవ్వ ఎక్కేసింది. నేనూ ఎక్కాను.

లింగంపేట దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. బావ ఆ రాళ్లను తప్పించడం లేదు, పలకరిస్తున్నాడు. ప్రతి రాయికీ అవ్వ ఆటో బయటి రాడ్డును ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"చెయ్యి లోపల పెట్టుకోవ్వా."

"లోపల పెడితే దేన్ని పట్టుకోవాలెరా?"

కామారెడ్డి పొలిమేరలో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. హీరో పుణ్యమా అని ఆ వారం అందరికీ గొట్టంలో ఊదుడే. పక్కన లోకల్ చానెల్ కెమెరా.

"ఇజ్జత్ పోతది," అన్నాడు బావ. భుజం మీది తువ్వాలు తీసి, అచ్చం టీవీలో చూసినట్టే, ముఖం నిండా కప్పుకున్నాడు. హీరో అప్పటికి బండి దిగి ఉన్నాడన్న చిన్న తేడా అతనికి తట్టలేదు.

ఆటో రోడ్డు పక్క రాళ్లెక్కి, అవ్వ వైపు ఒరిగి పడింది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ల ఫోన్లో చూశాం. తువ్వాలు చుట్టూ ఎర్ర గుండ్రం, అదే ఏడుపు సంగీతం, 'హీరో బాటలో ఆటో డ్రైవర్'. చివరన, మరొకరికి గాయాలు.

"ఆ ఇంకొకలు ఎవలురా, పాపం?" అంది అవ్వ.

"నువ్వే."

కట్టు కట్టిన చేతిని చూసుకుంది. "నన్ను సూపెట్టనే లేదు గద," అంది.

వేళ్లు మునుపటిలా ముడుచుకోవడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఇంటికి పంపే రోజు బావ ఆటోతో వచ్చాడు. బెయిలొచ్చింది, కొత్త తువ్వాలొచ్చింది, పాత వాసనే.

"ఎక్కు అత్తా. పైలంగ తీస్కపోత."

అవ్వ అలవాటుగా రాడ్డు వైపు చేయి చాపింది. వేళ్లు ముడుచుకోలేదు.

"పట్టు లేదు బిడ్డ. బస్సుల పోతం," అంది, అతను నొచ్చుకోకుండా.

లింగంపేట రాకముందే బావ ఆటో మా బస్సును దాటిపోయింది. ఖాళీగా లేదు. లోపల ఎవరున్నారో కనిపించలేదు. బయటి రాడ్డును పట్టుకున్న చేయి మాత్రం కనిపించింది, గాజులతో.