వడుకు కూలి

సూర్యాపేటలో వ్యాపారుల చందాలతో నడిచే దవాఖానలో అప్పట్లో నాకిచ్చే జీతం, నా గది ఊడ్చే ఆమె జీతం కన్నా తక్కువ. ఆమె పర్మినెంటు, నేను టెంపరరీ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పక్షవాతం వచ్చినవాళ్ళతో, మిల్లుల్లో చేతులు నలిగినవాళ్ళతో ఏదో ఒక పని చేయిస్తూ వాళ్ళ వేళ్ళు మళ్ళీ కదిలేట్టు చెయ్యడం నా ఉద్యోగం. దానికోసం హైదరాబాదులో ట్రైనింగు కూడా అయ్యాను. సాగర్ నీళ్ళు వచ్చాక మిర్యాలగూడలో రైసు మిల్లులు పెరిగాయి, నా గదికి వచ్చే చేతులూ పెరిగాయి. పెరగనిది నా జీతమే. ఎన్నేళ్ళు చేసినా నేను డాక్టరునీ కాను, నర్సునీ కాను. పర్మినెంటు అయితే జ్వరమొచ్చి పడుకున్న రోజైనా కోత ఉండదని నా ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

గదికి సామాను కొనమంటే దవాఖాన కమిటీ వాళ్ళు డబ్బుల్లేవన్నారు. మాది గొర్రెలు పెంచే ఇల్లు కాబట్టి ఉన్ని, కదుర్లు ఇంటినుంచే మోసుకొచ్చాను. ఉన్ని వడకాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాల్సిందే. మిర్యాలగూడ మిల్లులో బెల్టుకింద చెయ్యి పడ్డ ఒక హమాలీ, చాన్నాళ్ళు అవస్థపడి, ఒకరోజు పోగు తెగకుండా లాగాడు. నేను సంబరపడుతుండగానే అతని భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"దినాం మా ఆయనతోని ఉన్ని వడికిస్తున్నవ్. కూలేది?"

మా వైపు ఎవరి ఉన్ని వడికినా కూలి ఇవ్వడం రివాజు. ఆమె అడగడంలో తప్పు లేదు.

"గిది కూలి పని కాదమ్మా. చెయ్యి బాగుకావాలని చేపిస్తున్న."

"గొంగడి నేపిచ్చి అమ్ముకునేది నువ్వు, బాగయ్యేది మేమా?"

మిగతా రోగుల ఇంటివాళ్ళూ ఆమెతో గొంతు కలిపారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ముచ్చట కమిటీ పెద్ద దాకా పోయింది. హమాలీ చెయ్యి నలిగిన మిల్లు ఆయనదే. ఆయన వచ్చి గదంతా కలియజూశాడు.

"ఉన్ని బంద్ చెయ్. కూసోబెట్టి పని చేపిచ్చుడే గద? మా మిల్లు సంచులు పంపుత, కుట్టియ్యి. నువ్వు లెక్క సూసుకో. వచ్చే మీటింగుల పర్మినెంటు చేపిస్త, జీతం గూడ పెంచుత."

చేతులు బాగుచేస్తే లేని డబ్బు, సంచులు లెక్కపెడితే ఉందన్నమాట. థూ!

మర్నాడే చిరిగిన గోనెసంచులు దిగాయి. మురిగిన తవుడు కంపు, ఎలుక పెంటికలు. మంచాల పక్కనే కుప్ప పోశారు. మిల్లు గుమాస్తా హమాలీ చేతికి దబ్బనం ఇచ్చాడు. ఆ చేతికి ఇంకా స్పర్శ సరిగా రాలేదు. దబ్బనం అరచేతిలో దిగితే అతనికి తెలియనే లేదు. నెత్తురు చూసి భార్యే అతని చెయ్యి లాక్కుంది.

"సంచి ఖరాబైతది, జర పక్కకు జరుపు," అన్నాడు గుమాస్తా.

ఆమె నా వైపు తిరిగింది. "అమ్మా, గా ఉన్నే తే. కూలొద్దు."

నేను నేరుగా కమిటీ పెద్ద దగ్గరికి పోయి, సంచులు తీసుకుపొమ్మన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"తీస్కపోత. నువ్వు గూడ పో."

తర్వాత కోదాడలో ఒక డాక్టరు దగ్గర చీటీలు రాసి రోగుల్ని వరసగా లోపలికి పంపే పని దొరికింది. ఎవరి చెయ్యీ పట్టుకునే పని లేదు. నేర్చుకున్న విద్యంతా అటక మీద కదుర్లతో పాటే పడి ఉంది.

కొన్నాళ్ళకు హమాలీ భార్య నన్ను వెతుక్కుంటూ అక్కడికి వచ్చింది. మొగుడి వేళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయట. ఒక కదురు ఇస్తే ఇంట్లోనే తిప్పిస్తానంది. ఇంటికి తీసుకుపోయి కదురూ ఉన్నీ ఇచ్చి, వేళ్ళు ఎలా పట్టించాలో చూపించాను.

పోయేటప్పుడు అడిగింది. "గీడ జీతం మంచిగిస్తున్నరా అమ్మా?"

"గాడికంటె ఎక్కువే," అన్నాను.

"పోనీలే, బాగుపడ్డవ్," అంది ఆమె, మనస్ఫూర్తిగా.