పాత పొయ్యి బూడిద

నాయనకు పత్తికొండ బడి నుంచి కడపకు బదిలీ అయింది. సామాన్ల కంటే నాకు పిల్లి బెంగే ఎక్కువ. నాయన వాళ్ళమ్మ, మా జేజి, ఒక ఉపాయం చెప్పింది. పాత పొయ్యి బూడిద మూటగట్టుకుపోయి, కొత్త ఇంటి పొయ్యి ముందు చల్లి, అందులో పిల్లి నాలుగు కాళ్ళూ అద్దాలి. తొమ్మిది రోజులు అక్కడ ఊడవకూడదు. అప్పుడది పారిపోదు.

గుత్తి బస్సులో, పైన గుడ్డ కట్టిన గంపను ఒళ్ళో పెట్టుకున్నాను. లోపలి నుంచి చంటిబిడ్డ ఏడ్చినట్టే అరుపు.

"ఏమప్పా, బిడ్డను గంపలో పెట్టుకొని పోతాండారా?" అన్నాడు కండక్టరు.

"పిల్లిలేప్పా. ఇడిసిపెట్టి రానంటాండాది నా కూతురు," అన్నాడు నాయన.

బస్సంతా నవ్వింది. నేను తల ఎత్తలేదు. గుత్తిలో రైలెక్కాక అరుపు ఆగింది. గంపలో చెయ్యి పెడితే దాని గుండె గబగబా కొట్టుకుంటోంది.

కడప ఇంట్లో అమ్మ వరండాలో మూటలు విప్పుతుండగా, నేను చివరి గదిలో పొయ్యి చూసి బూడిద చల్లాను. పిల్లి కాళ్ళు అద్దాను. మా వంటిల్లు పెరట్లో వేరే ఉందనీ, ఇది ఎవరూ వాడని పొయ్యి అనీ తర్వాత తెలిసింది.

పిల్లి ఆ గది వదల్లేదు. మూడు రోజులు పాలు కూడా ముట్టలేదు. బూడిద నిండా దాని అడుగులే. పొయ్యి ముందు గుండ్రంగా తిరిగిన గుర్తులు, మధ్యలో పీటంత మేర చెదరని బూడిద. ఆ బొమ్మను నా నోటుబుక్కులో గీసుకున్నాను. తర్వాత కళ్ళారా చూశాను. పిల్లి తోక నిలబెట్టి, ఏమీ లేని ఆ చోట ఒళ్ళు రుద్దుకుంటూ గుర్రుమంటోంది.

గోడ అవతలి ఇంటి బీబీని ఆ పొయ్యి గురించి అడిగాను.

"ముందుండిన ముసలామె ఆడనే వండుకుంటాండె. పీటేసుకొని కూసుంటే సుట్టూ పిల్లులే. పోయిన సలికాలం సచ్చిపాయె, పాపం."

ఆ సాయంత్రం అమ్మ అంది: "రేపు గాని తినకుంటే సంతలో ఇడిసిపెట్టి వస్తాడంట మీ నాయన. పిల్లి ఇంట్లో సస్తే శానా పాపం."

మరునాడు పొద్దున పెరుగన్నం కలుపుకుని ఆ గదికి వెళ్ళాను. పిల్లి పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. ముసలామె పీట వేసుకున్న ఆ చెదరని చోటనే కూర్చుని పెడితే తింటుందేమో అనిపించింది.

"అవ్వా, కొంచెం జరుగు," అని నోట్లోనే అనుకుని కూర్చున్నాను.

పిల్లి లేచి వచ్చింది. నా ఒక్కదాని చుట్టూ కాదు, నా పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటును కూడా కలుపుకుని తిరిగింది. రెండుసార్లు. తర్వాత గిన్నెలో మూతి పెట్టింది. మెతుకు మిగల్చకుండా నాకింది.

లేవడానికి ధైర్యం చాలలేదు. అమ్మ పిలిచేదాకా ఒక పక్కకు ఒదిగి అట్లాగే కూర్చున్నాను.